అడగనిదే అమ్మయైన పెట్టదా?

(తల్లిపాల వారోత్సవముల సందర్భమున వరంగల్లు సమీప గ్రామమొకదానిలో మహిళల సభ యందు చేసిన ప్రసంగ పాఠము)

 

"అడగనిదే అమ్మయైన పెట్టదు" అను సామెత మన ఊళ్ళలో వినని వారుండరు. పెద్దవారి లోకవ్యవహారమునకు ఆ మాట సరిపోవచ్చును. పసికందు విషయమున మాత్రము దానిని కొంచెము సవరించుకొనవలసి యున్నది. ఎందుకనగా, పసిబిడ్డ అడుగకుండ ఎన్నడును ఉండదు. అయితే అది అడుగునది ఏడుపుతో కాదు. ఏడుపునకు చాల ముందుగనే కన్నులతో, పెదవులతో, చిన్ని చేతులతో అడుగును. అది అడుగుట యని మనకు తెలియక, "ఏడ్చినప్పుడు చూతములే" అని ఊరకుందుము. ఏడ్చిన పిమ్మట ఎత్తుకొందుము. అప్పటికి బిడ్డ అడిగి యడిగి విసిగి యుండును. నేడు మీతో ముచ్చటింప వచ్చిన విషయమిదియే.

మేము వరంగల్లు, హనుమకొండ నగరముల ఆస్పత్రులలోను, ఈ చుట్టుప్రక్కల పల్లెలలోను తల్లీబిడ్డల సేవలో నున్నవారము. ప్రతిదినము మా చెవిని పడు మాట యొకటి కలదు: "అమ్మా, నా పాలు సాలుతలేవు. బిడ్డ ఊకె ఏడుస్తున్నది." ఆ మాట చెప్పు తల్లి కంట నీరుండును. ప్రక్కన నిలిచిన అత్తగారి చేతి సంచిలో అప్పటికే కొన్న పాలసీసా యుండును. మేము ఆ తల్లిని కూర్చుండబెట్టి, బిడ్డను ఒడిలో వేసి, కొంతసేపు ఊరక చూతుము. పెక్కు పర్యాయములు పాలకు కొదువ కనబడదు. బిడ్డ అడిగిన వేళకును, తల్లి యిచ్చిన వేళకును నడుమ ఎడము మాత్రమే కనబడును. ఆ ఎడమును తగ్గించుట ఎట్లో చెప్పుటకే మేమిచటికి వచ్చితిమి.

ఇది ఒక్క ఇంటి మాట కాదు. 2019-20లో మన రాష్ట్రమున జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలను చూడుడు. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రులలో జరిగినవి. ఇది సంతోషింపదగిన సంగతి. కాని పుట్టిన గంట లోపల తల్లిపాలు అందిన బిడ్డలు నూటికి 37 మంది మాత్రమే. ఆరు నెలల లోపు వయసు గల బిడ్డలలో తల్లిపాలు తప్ప మరేమియు పట్టనివారు నూటికి 68 మంది. అనగా, ప్రతి ముగ్గురిలో ఒక బిడ్డ నోట నీళ్ళో, డబ్బాపాలో, మరొకటియో పడుచున్నది. నూటికి 60కి పైగా కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. కోత నొప్పితో తల్లి ప్రక్కకు ఒత్తిగిలలేని స్థితిలో నుండగా, బిడ్డ బంధువుల చేతులలో నుండును. ఆ సమయమున బిడ్డ నోరు తెరచి వెదకినచో, అది ఆకలియని గుర్తించి తల్లి యొద్దకు చేర్చువారు కావలెను. ఆ చేర్చువారు మీలోని అమ్మమ్మలు, నాయనమ్మలు, వదినలు. కావున ఈ మాటలు బాలింతలకు మాత్రమే కాదు, మీకందరికిని చెప్పుచున్నాము.

పుట్టిన బిడ్డకు ఏమి తెలియును?

గేదె ఈనిన గడియకు దూడ లేచి పొదుగును వెదకుకొనును. దానికి దారి చూపినవారు లేరు. మన బిడ్డ లేచి నడువలేదు గాని, వెదకుట మాత్రము ఎరుగును. 1990లో స్వీడన్ దేశపు పరిశోధకులు తమ పరిశీలన నొకదానిని ప్రకటించిరి. అప్పుడే పుట్టిన బిడ్డను తుడిచి, తల్లి పొట్టపై బోర్ల పరుండబెట్టి, ఇతరులు కదలింపక ఊరకుండిన యెడల, ఆ బిడ్డ మెల్లమెల్లగా ప్రాకి, ఇంచుమించు గంట లోపల తనంతట తానే రొమ్ము నందుకొనుట వారు చూచిరి. ఆ మొదటి గంటలో బిడ్డ మెలకువతో, కన్నులు విప్పి, చురుకుగా నుండును. తరువాత గాఢముగ నిద్రించును. అందుచేతనే ఆ గంటను పోగొట్టుకొనరాదని వైద్యులు చెప్పుదురు.

మొదటి దినమున బిడ్డ పొట్ట పట్టునది చాల కొద్ది. ఒక్కొక్క సారి ఒక చిన్న చెంచాడు ముర్రుపాలు చాలును. పచ్చగా, చిక్కగా, కొద్దికొద్దిగా వచ్చు ఆ పాలను "చెడ్డపాలు" అని పిండి పారబోయు ఇండ్లు ఇంకను అచ్చటచ్చట నున్నవి. బిడ్డకు అందు మొదటి రోగరక్షణ అదియే. పొట్ట చిన్నది గనుకనే బిడ్డ మాటిమాటికి అడుగును. రాత్రింబవళ్ళలో 8 మొదలు 12 సార్లు పాలు త్రాగుట పసికందునకు సహజము. మాటిమాటికి అడుగుచున్నదని పాలు చాలవని యెంచుట, చిన్న చెంబు త్వరగా నిండి త్వరగా ఖాళీ యగునని తెలియకపోవుటయే.

ఆకలికి మూడు మెట్లు

బిడ్డ ఆకలిని మూడు మెట్లుగా చెప్పుకొనవచ్చును. వినుచు, మీ యింటి బిడ్డను మనసున తలచుకొనుడు.

మొదటి మెట్టున బిడ్డ ఇంకను సగము నిద్రలో నుండును. మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు కదలును. తొట్టెలలో మెల్లగా కదలుట మొదలిడును. పెదవులు చప్పరించును. నాలుక కొన బయటపెట్టి లోనికి తీసికొనును. నోరు తెరచి మూయును. అప్పుడు చెంపను వ్రేలితో మృదువుగ తాకినచో, తాకిన వైపునకు తల త్రిప్పి నోరు తెరచును. ఇది మొదటి పిలుపు. ఈ పిలుపునకు శబ్దము లేదు. ప్రక్కనున్నవారికే కనబడును, వంటయింటిలో నున్నవారికి వినబడదు.

రెండవ మెట్టున బిడ్డ మేలుకొనును. చేతిని నోటి యొద్దకు తెచ్చుకొనును. పిడికిలి చీకును. ఒళ్ళు విరుచుకొని కాళ్ళు తన్నును. చిన్నగా మూలుగును. ఎత్తుకొన్నవారి ఛాతీపై ముక్కు రాచుచు వెదకును. ఎత్తుకొన్నది ఎవరని చూడదు. తాతగారి అంగీ గుండీని చీకజూచిన మనుమలను మేమెందరినో చూచినాము. అందరు నవ్వుదురు. నవ్వవలసినదే, కాని నవ్వి, వెంటనే తల్లి ఒడిలో వేయవలెను. ఇది రెండవ పిలుపు.

మూడవ మెట్టు ఏడుపు. మొగము ఎర్రనగును. తల అటునిటు విసరును. ఒళ్ళు బిగదీసికొని వెనుకకు విరుచుకొనును. ఇది బిడ్డ చెప్పు మొదటి మాట కాదు, కడపటి మాట. ఏడుపు ఆకలికి ఆలస్యముగ కనబడు గుర్తు అని అమెరికా దేశపు శిశువైద్యుల సంఘము 1997లో తన సూచనలలో వ్రాసినది. మన పల్లెలలో పదిమంది బిడ్డలను పెంచిన అవ్వలకు ఈ సంగతి అంతకు ముందే తెలియును. "బిడ్డ నోరాడిస్తున్నది, తల్లిని పిలువుండ్రి" అని వారు చెప్పగా మేము విన్నాము.

ఏడ్చిన తరువాత ఇచ్చిన తప్పేమి యని మీరడుగవచ్చును. తప్పు కాదు, కష్టము. గ్రుక్కపట్టి ఏడ్చు బిడ్డ నాలుక పైకి లేచి యుండును. నాలుక క్రిందికి దిగనిదే రొమ్ము సరిగా నోట పట్టదు. బలవంతముగా అందించినచో చనుమొన కొనను మాత్రమే పట్టుకొనును. తల్లికి పుండ్లు పడును. బిడ్డకు పాలు రావు. ఏడుపుతో గాలి మ్రింగును, పొట్ట ఉబ్బును. ఏడ్చి యేడ్చి అలసిన బిడ్డ నాలుగు గ్రుక్కలు త్రాగి నిద్రపోవును. "కడుపు నిండినది" అని తల్లి తొట్టెలలో వేయును. అరగంటకు మరల ఏడుపు. "ఇప్పుడే కదా ఇచ్చినాను, పాలు చాలుట లేదు కాబోలు" అని ఆమెకు సందేహము. ఆ సందేహము వెనుకనే సీసా ఇంటికి వచ్చును.

కావున బిడ్డ ఏడ్చుచున్నప్పుడు మొదట ఊరడించుడు. భుజముపై వేసికొని వెన్ను నిమురుడు. బట్టలు తొలగించి, తల్లి రొమ్ముపై ఒంటికి ఒళ్ళు తగులునట్లు పరుండబెట్టుడు. నెమ్మదించిన పిమ్మట పాలిండు. మరునాడు మాత్రము మొదటి మెట్టుననే గమనింపుడు.

మూడవ నెల దాటిన బిడ్డ ఆకలి లేకున్నను చేతులు చీకి ఆడుకొనును. అప్పుడు చేయి నోట పెట్టుట యొక్కదానినే చూడక, తక్కిన గుర్తులను కలిపి చూడవలెను. కడుపు నిండిన గుర్తులు కూడ కలవు. బిగించిన పిడికిళ్ళు విడివడును. చప్పరించు వేగము తగ్గును. బిడ్డ తనంతట తాను రొమ్ము విడిచి, చేతులు వ్రేలవేసి, తృప్తిగా నుండును. అప్పుడు "ఇంకొంచెము" అని కుక్కవలదు. అడిగినపుడు ఇచ్చుట యెంత ముఖ్యమో, చాలన్నపుడు ఆపుట అంత ముఖ్యము.

గడియారము నేర్పిన పాఠము

ఒకప్పుడు ఈ విషయమున చదువుకొన్నవారే పొరపడినారు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున న్యూజీలండు దేశమున ట్రూబీ కింగ్ అను వైద్యుడుండెను. 1907లో ఆయన తల్లీబిడ్డల క్షేమమునకై ఒక సంఘమును స్థాపించెను. పరిశుభ్రత విషయమున ఆయన చెప్పినది మేలే చేసినది. కాని బిడ్డకు నాలుగు గంటల కొకసారి గడియారము చూచి పాలియ్యవలెననియు, రాత్రి ఈయరాదనియు ఆయన బోధించెను. ఆ బోధన పెక్కు దేశములకు ప్రాకెను. చాలకాలమునకు గాని వైద్యులు దానిని విడువలేదు. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పునది వేరు: పగలైనను రాత్రియైనను బిడ్డ అడిగినప్పుడెల్ల ఈయవలెను. గడియారము మంచి పనిముట్టే; కాని దానికి బిడ్డ పొట్టలోని సంగతి తెలియదు.

ఏడ్వని బిడ్డ

ఇంతవరకు ఏడ్చు బిడ్డను గూర్చి చెప్పితిమి. ఇంతకంటె జాగ్రత్తగ చూడవలసినది ఏడ్వని బిడ్డను.

పరకాల వైపు పల్లె యొకదానిలో జరిగిన సంగతి చెప్పుదుము. తొలిచూలు బిడ్డ, కొంచెము ముందుగా పుట్టినది, బరువు 2 కిలోల 200 గ్రాములు. తల్లీబిడ్డలు ఇంటికి వచ్చిరి. చుట్టములందరు బిడ్డను మెచ్చుకొనిరి. "ఎంత బుద్ధిమంతుడు! ఏడ్పన్నదే లేదు, లేపినా లేవడు" అని నాయనమ్మ మురిసిపోయెను. నిద్రపోవు బిడ్డను లేపరాదని తల్లికి చెప్పిరి. ఆమెయు లేపలేదు. ఏడవ దినమున ఆశా కార్యకర్త వచ్చెను. ఆమె బిడ్డను పొగడలేదు. "పొద్దుటి నుండి ఎన్ని గుడ్డలు తడిసినవి?" అని అడిగెను. ఒకటే యని చెప్పిరి. త్రాసు తీసి తూచినది. 1 కిలో 900 గ్రాములు. పెదవులు ఎండియున్నవి. ఆ బిడ్డ బుద్ధిమంతుడై ఊరకుండలేదు. ఏడ్చుటకు సత్తువ లేక ఊరకుండెను.

ఆ సాయంకాలమే బిడ్డను ఆస్పత్రికి చేర్చిరి. తల్లి పాలను పిండి, రెండు గంటల కొకసారి గిన్నెతో కొద్దికొద్దిగా త్రాగించిరి. బిడ్డను తల్లి రొమ్ముపై కట్టి వెచ్చగా నుంచిరి. కొన్ని దినములకు బిడ్డ తానే నోరు తెరచి వెదకసాగెను. ఆ దినమున ఆ బిడ్డ ఏడ్చిన ఏడుపు విని నాయనమ్మ కన్నీరు పెట్టుకొనెను. అది సంతోషపు కన్నీరు.

ఈ సంగతి నెవరిని నిందించుటకు చెప్పలేదు. ఆ యింట ప్రేమకు లోపము లేదు. గుర్తులు తెలియక పోయినవి, అంతియే. రెండున్నర కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలును, ముందుగా పుట్టిన బిడ్డలును, పసిరికలు గల బిడ్డలును ఆకలిని గట్టిగా చెప్పలేరు. వారు అడుగుదురని కాచుకొనరాదు. రెండు గంటల కొకసారి అరికాలు నిమిరి, బట్ట సడలించి, మేల్కొలిపి పాలీయవలెను. చక్కని బరువుతో పుట్టిన బిడ్డనైనను, మొదటి రెండు వారములలో, పోయిన బరువు తిరిగి వచ్చు వరకు, మూడు నాలుగు గంటలకు మించి పాలు లేక నిద్రపోనీయరాదు.

పాలు చాలుచున్నవని ఎట్లు తెలియును?

లోపలికి పోయిన పాలు కంటికి కనబడవు. బయటికి వచ్చునది కనబడును. అయిదవ దినము నాటికి బిడ్డ రాత్రింబవళ్ళలో ఆరు గుడ్డలకు తక్కువ కాకుండ తడుపవలెను. మూత్రము పలుచని రంగున నుండవలెను. మొదట వచ్చిన నల్లని మలము నాలుగైదు దినములలో పసుపుపచ్చగా మారవలెను. పుట్టిన మొదటి దినములలో బిడ్డ కొంచెము బరువు తగ్గుట సహజము; పదింట ఒక వంతు వరకు తగ్గినచో వైద్యునకు చూపవలెను. రెండు వారములకు పుట్టినప్పటి బరువు తిరిగి రావలెను. ఈ లెక్కలు సరిపోయిన యెడల, సాయంకాలము బిడ్డ గంట కొకసారి అడిగినను తల్లి దిగులు పడనక్కరలేదు. చాలమంది బిడ్డలు ప్రొద్దుగూకు వేళ దగ్గర దగ్గరగా త్రాగుదురు. మూడు వారములప్పుడు, ఆరు వారములప్పుడు కొన్ని దినములు ఎక్కువగా అడుగుటయు కలదు. పెరుగు బిడ్డ తనకు కావలసిన పాలను తానే తెప్పించుకొనుచున్నదని గ్రహింపుడు.

తల్లిపాలు ఊటబావి వంటివి. తోడినకొలది ఊరును. తోడుట మానిన ఊట తగ్గును. ఒక పూట సీసా పట్టినచో, ఆ పూట తోడవలసిన పాలు తోడబడవు. మరునాటికి ఊట కొంత తగ్గును. అప్పుడు రెండు సీసాలు కావలెను. లేని కొదువ ఈ విధముగ నిజమైన కొదువ యగును. డబ్బాపాలకు ప్రకటనలు చేయరాదని, తల్లులకు ఉచితముగా పంచరాదని 1992లోనే మన దేశమున చట్టము చేసినారు. అందులకు కారణము ఇట్టి దినము లెన్నో చూచియుండుటయే.

ఇక నీళ్ళ సంగతి. వరంగల్లు ఎండలు మీకు చెప్పనక్కరలేదు. వేసవిలో బిడ్డ నాలుక పిడచగట్టునని చెంచాతో నీళ్ళు పోయుదురు. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళకు పైగా నీరే. దాహమునకును ఆకలికిని పాలే చాలును. ఎండకాలమున మరికొన్ని మారులు ఇచ్చిన సరిపోవును. నీళ్ళు త్రాగవలసినది తల్లి. తేనె, ఆముదము, పంచదార నీళ్ళు మొదటి ఆరు నెలలు బిడ్డ నోట పోయరాదు. తేనె సంవత్సరము నిండు వరకు కూడదు. దానివలన పసిబిడ్డలకు ప్రాణాపాయకరమగు జబ్బు కలుగవచ్చును.

ప్రతి ఏడుపు ఆకలి కాదు

గుడ్డ తడిసినను బిడ్డ ఏడ్చును. ఉక్కపోసినను, చలివేసినను ఏడ్చును. చీమ కుట్టినను, నిద్ర రాకున్నను, పదిమంది చేతులు మారినను ఏడ్చును. ఒక్కొక్కప్పుడు ఎత్తుకొనుమని మాత్రమే ఏడ్చును. పాలు త్రాగి గంట కాలేదు, ఆకలి గుర్తులు ముందు కనబడలేదు అన్నప్పుడు వీటిని ఒక్కొక్కటిగా చూడుడు. దిష్టి తీయు ఆచారమును మేము ఆక్షేపింపము. కాని దిష్టి తీయుటకు ముందు గుడ్డ విప్పి చూడుడు, ఒళ్ళు తడవి చూడుడు, తల్లి యొద్దకు చేర్చి చూడుడు.

పత్తి చేనికి పోవు తల్లి

మేము చెప్పినదంతయు ఇంటిపట్టున నుండు తల్లికే గదా యని కొందరి కన్నులు మమ్ము ప్రశ్నించుచున్నవి. ఆ ప్రశ్న న్యాయమైనది. దసరా దాటినది మొదలు పత్తి ఏరుటకు, సంక్రాంతి దాటినది మొదలు మిరప ఏరుటకు మన తల్లులు పోక తప్పదు. ఏనుమాముల మార్కెట్టులో గుట్టలుగ పడు ఎర్రని మిరప వెనుక ఎందరు బాలింతల కూలి యున్నదో మేమెరుగుదుము. వారితో "మూడు నెలలు ఇల్లు కదలకుము" అని చెప్పి చేతులు దులుపుకొనుట మాకిష్టము లేదు.

కొన్ని మాటలు చెప్పుదుము. పోవుటకు ముందు, వచ్చిన వెంటనే కడుపునిండ పాలిండు. నడుమ పాలను చేతితో పిండి, మూతగల శుభ్రమైన గిన్నెలో నుంచి పోవచ్చును. చల్లని చోట నాలుగు గంటలకు మించి ఉంచరాదు. ఎండకాలమున ఇంకను త్వరగా వాడవలెను. ఆ పాలను సీసాతో కాక ఉగ్గుగిన్నెతో త్రాగించుడు. మన తాతమ్మల నాటి ఉగ్గుగిన్నె సీసా కంటె కడుగుటకు సులభము, బిడ్డకు క్షేమము. ఇంట నున్న అవ్వ ఏడుపు కొరకు ఆగక, బిడ్డ నోరాడించగనే పట్టవలెను. ఉగ్గుగిన్నెను నోట క్రుమ్మరింపరాదు. పెదవికి ఆనించిన బిడ్డయే త్రాగును. చేను దగ్గరనైన యెడల, బిడ్డను నీడకు తెచ్చి నడుమ ఒకసారి పాలిచ్చుటకు తల్లికి వెసులుబాటు కల్పింపవలెనని ఇచ్చట నున్న రైతు సోదరులను కోరుచున్నాము. దానివలన పోవునది అరగంట కూలి. నిలుచునది ఒక బిడ్డ ఆరోగ్యము.

మిరప ఏరిన చేతులతో బిడ్డను తాకరాదు. ఆ మంట వట్టి నీళ్ళతో పోదు. సబ్బుతో రెండు మూడు సార్లు చేతులు కడిగి, రొమ్మును శుభ్రపరచుకొని, పిదప పాలీయవలెను. మందు కొట్టిన పత్తి చేనిలో పనిచేసి వచ్చినచో స్నానము చేసి, కట్టుబట్టలు మార్చుకొనిన తరువాతనే ఎత్తుకొనవలెను.

ఆలస్యము చేయరాని గుర్తులు

అంతకుముందు చక్కగ త్రాగు బిడ్డ పాలు మానినను, లేపినను లేవక వాడిపోయినను, ఒళ్ళు కాలినను చల్లబడినను, నిమిషమునకు 60 సార్లు గాని అంతకెక్కువ గాని ఊపిరి పీల్చినను, ఫిట్స్ వచ్చినను, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినను, అది ఆకలి మాట కాదు, జబ్బు మాట. తెల్లవారనీ యని ఆగవలదు. 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చుడు.

2011 నుండి ఆశా కార్యకర్తలు బాలింత యింటికి వచ్చి బిడ్డను చూచు ఏర్పాటు దేశమంతట జరుగుచున్నది. ఆస్పత్రిలో కాన్పు అయినచో 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆమె రావలెను. ఆమె వచ్చినప్పుడు "బిడ్డ నిద్రపోతున్నది, తరువాత రమ్ము" అని గడప నుండి పంపకుడు. పరకాల వైపు ఆ బిడ్డను కాపాడినది ఏడవ దినపు రాకయే.

సోదరీమణులారా! మేము మిమ్ము కోరునది చాల చిన్న పని. ఖర్చు లేనిది. ఇంట పసిబిడ్డ యున్నవారు రేపొక్క దినము బిడ్డ ప్రక్కన కూర్చుండి, చేతిలోని ఫోను దూరముగ నుంచి, నిద్ర లేచు వేళ బిడ్డ మొగమును గమనింపుడు. మొదట పెదవి కదలునా, చేయి కదలునా, కన్ను కదలునా చూడుడు. ప్రతి బిడ్డకు తన వరుస యొకటి యుండును. రెండు మూడు దినములలో మీ బిడ్డ వరుస మీకు తెలిసిపోవును. తల్లికి తెలిసిన దానిని తండ్రికి, అత్తగారికి, ఆడబిడ్డకు చూపుడు. తండ్రి ఎత్తుకొన్నప్పుడు బిడ్డ నోరు తెరచి వెదకినచో, అది ఆట కాదని అతనికి తెలియవలెను. రాత్రివేళ బిడ్డను తల్లి మంచమునకు దగ్గరగా, చేయి చాచిన అందు చోట పరుండబెట్టుడు. శబ్దము లేని పిలుపు అప్పుడే అందును.

అడగనిదే అమ్మయైన పెట్టదన్న సామెతను మన పెద్దలు తప్పుగా చెప్పలేదు. అడుగుట యనగా ఏడ్చుటయే యని మనము అర్థము చేసికొంటిమి. బిడ్డ చప్పరించిన పెదవి ఒక మాట; నోట పెట్టుకొన్న పిడికిలి ఒక మాట. ఈ రెండు మాటలు వినగలిగిన యింట, మూడవ మాటయగు ఏడుపు చాలవరకు అవసరపడదు. ఆ యింట "పాలు సాలుతలేవు" అను కన్నీరు తగ్గును. ఏడ్చుటకు సత్తువ లేని బిడ్డ కూడ, ఏడ్వకుండగనే తల్లి ఒడి చేరును.